దూలం మీద పేరు

ఆ శుక్రవారం పొద్దున ఎబర్‌హార్ట్ ఐక్‌హోల్ట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికల్లా పాలు పితకడం అయిపోవాలి. ఏడింటికి గడ్డం గీసుకోవాలి. పదిన్నరకి నల్లకోటు తొడుక్కుని కూతుర్ని కారెక్కించి, ఊళ్ళో రిజిస్ట్రారు ఆఫీసుకి తీసుకెళ్ళాలి. పదకొండింటికి పెళ్ళి, సంతకాలు. ఈలోగా ఒకే ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. ఇంటి పెద్ద తలుపు మీద కొత్తగా ఎక్కించిన ఓక్ దూలానికి పాత దుప్పటి కప్పి ఉంది. సాయంత్రం దాకా ఆ దుప్పటి కింద ఏముందో ఎవరూ చూడకూడదు.

ఎవరూ అంటే ఊళ్ళో అందరూ అని కాదు. ఒక్కడు చూడకపోతే చాలు. వాడు పెళ్ళికొడుకు తండ్రి, ఫ్రీడ్‌హెల్మ్ ఎల్లర్‌బ్రోక్.

మా వెస్ట్‌ఫాలియా సీమలో పేరు మనిషిది కాదు, ఇంటిది. బావి, చూరు, పందుల కొట్టం ఎలా ఇంటివో పేరూ అలాగే ఇంటిది. ఇంటిపేరు అన్న మాట మా దగ్గర అక్షరాలా నిజం. మగపిల్లలు లేని ఇంటికి అల్లుడొస్తే, వాడు బురద బూట్లతో పాటు తన పేరు కూడా గేటు బయటే విడిచి లోపలికి రావాలి. మర్నాటి నుంచి ఊరంతా వాణ్ణి ఆ ఇంటి పేరుతోనే పిలుస్తుంది. సర్కారు ఈ పద్ధతిని నూరేళ్ళ కిందటే ఆపేసింది గాని, సర్కారు చెప్పిందని మానేసేవాళ్ళు మా వైపు తక్కువ.

ఐక్‌హోల్ట్ అంటే ఓక్ చెట్ల తోపు. ఆ ఇల్లు మిట్ట మీద, ఓక్ చెట్ల మధ్య, డెబ్భై ఆవులతో దర్జాగా ఉంటుంది. ఎల్లర్‌బ్రోక్ అంటే తడినేలలో పెరిగే ఒకరకం చెట్లున్న చిత్తడి. ఆ ఇల్లు పల్లంలో, వానొస్తే గడపదాకా నీళ్ళతో ఉంటుంది. పై ఇంట్లో ఎబర్‌హార్ట్‌కి రోస్విత ఒక్కతే కూతురు. కింది ఇంట్లో చెక్కబూట్లు చేసే ఫ్రీడ్‌హెల్మ్‌కి ఫోల్కర్ ఒక్కడే కొడుకు. వీళ్ళిద్దరూ మూడేళ్ళుగా ఒకరి కోసం ఒకరు కాచుకుని ఉన్నారు.

ఎబర్‌హార్ట్ పెళ్ళికి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. "నా గుమ్మం మీద బురద పేరు ఎక్కడానికి వీల్లేదు. అల్లుడు ఐక్‌హోల్ట్ అవ్వాలి. కాలేదా, సోమవారం నోటరీ దగ్గరికి పోయి, పొలం పుట్రా మా తమ్ముడి కొడుక్కి రాసిచ్చేస్తాను," అన్నాడు. ఆ తమ్ముడి కొడుకు ఓస్నాబ్రూక్‌లో తివాచీలు అమ్ముకుంటాడు, ఆవుకి ముందెటో వెనకెటో తెలియనివాడు. రోస్విత పదిహేడో ఏట నుంచి ఆ కొట్టంలోనే ఉంది. ఏ ఆవు ఏ కాలితో తంతుందో చీకట్లో కూడా చెబుతుంది. ఆమెకి ఫోల్కరూ కావాలి, ఆవులూ కావాలి.

ఫోల్కర్ మంచివాడు. "పేరుదేముంది మామయ్యా, అలాగే," అని చేతిలో చెయ్యి వేశాడు. తన తండ్రికి మాత్రం చెప్పలేదు. తండ్రి ఆఫీసుకి రాకుండా విందు ఏర్పాట్లు చూస్తాడు కాబట్టి, పెళ్ళయ్యాక, విందులో నాలుగు గ్లాసులు లోపలికి పోయాక చెబుదామనుకున్నాడు. చట్టం కూడా ఒక మెలిక పెట్టింది. పెళ్ళి రోజున రిజిస్ట్రారు ముందు ఇద్దరూ నోరు విప్పి ఫలానా పేరు అని చెప్పాలి, చెప్పకపోతే మగవాడి పేరే ఖాయం. అంటే పదకొండు దాకా ఫ్రీడ్‌హెల్మ్‌కి సంగతి తెలియకూడదు. తెలిస్తే కొడుకు నోరు మూయిస్తాడు. నోరు మూసుకుంటే పొలం పోతుంది.

ఈ మొత్తం లెక్కలో ఒక చిన్న తప్పుంది. దాన్ని ఆరుంపావుకి, చేతిలో పాలబిందెతో, రోస్వితే కనిపెట్టింది.

"నాన్నా! తోరణం ఎవరు కడతారు?"

ఎబర్‌హార్ట్ పితుకుతున్న చెయ్యి ఆగిపోయింది. పెళ్ళింటి పెద్ద తలుపుకి పచ్చ తోరణం కట్టడం మా దగ్గర ఇరుగుపొరుగు హక్కు. వాళ్ళలోనూ నిచ్చెన ఎక్కి కట్టేది మొదటి పొరుగువాడే. ఎవరింటికి ఎవరు మొదటి పొరుగో ఎప్పుడో తాతల నాడు తేలిపోయింది, అది మార్చడానికి లేదు. ఐక్‌హోల్ట్ ఇంటికి మొదటి పొరుగు ఎల్లర్‌బ్రోక్ ఇల్లు. తోరణం నిన్న సాయంత్రమే కట్టాల్సింది, వాన పడి ఇవాళ్టికి వాయిదా పడింది.

"చచ్చాం," అన్నాడు ఎబర్‌హార్ట్. అప్పటికే గేటు దగ్గర పాట వినిపిస్తోంది.

ఎనిమిది మంది మగవాళ్ళు, భుజాల మీద మేక నడుమంత లావు తోరణం, దాని నిండా కాగితం గులాబీలు. ముందు నిచ్చెన పట్టుకుని ఫ్రీడ్‌హెల్మ్. చెక్కబూట్లు టకటకలాడిస్తూ వచ్చి తలుపు ముందు ఆగాడు.

"ఏం బావగారూ, ఇంకా గడ్డం గీసుకోలేదేం? ఆ దుప్పటేమిటి?"

"అదా... సాయంత్రం తీస్తాం. మీ అందరికీ చూపిద్దామని దాచాం," అన్నాడు ఎబర్‌హార్ట్. ఆ పొద్దున అతను చెప్పిన ఆఖరి నిజం అదే.

"సరే, దాచుకో. నాకేం? దుప్పటి మీంచే కట్టేస్తాను. కొక్కేలు పైనే ఉన్నాయిగా, దాన్ని ముట్టుకోను కూడా," అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్, నిచ్చెన ఆనిస్తూ.

అక్కడ ఊరుకుంటే అయిపోయేది. కానీ మనసులో దొంగతనం పెట్టుకున్నవాడికి ఊరుకోవడం చేతకాదు. నిచ్చెన కొస దుప్పటికి బెత్తెడు దూరంలో ఆగేసరికి ఎబర్‌హార్ట్‌కి ఆగబుద్ధి కాలేదు, చేతులు చాచి అడ్డం పడ్డాడు.

"ఆగాగు! ఇక్కడొద్దు! పక్క తలుపుకి కట్టు!"

రోస్విత తండ్రి మోచేతి మీద గిల్లింది. ఆలస్యం అయిపోయింది. పాట ఆగింది. ఎనిమిది మందీ పక్క తలుపు వైపు చూశారు. దానిలోంచి పందులు వస్తాయి, పోతాయి.

"పందుల తలుపుకా?" అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్. "నా కొడుకు పెళ్ళి తోరణం పందుల తలుపుకా, ఎబర్‌హార్ట్?"

"అబ్బే, అది కాదు, అటువైపు ఎండ బాగా..."

"కింది ఇంటివాళ్ళం కదా, పెద్ద తలుపుకి తగమన్నమాట!"

"అన్నయ్యగారూ, ముందొక గ్లాసు తీసుకోండి!" అంటూ హేడ్విగ్ పరుగెత్తుకొచ్చింది. ఎబర్‌హార్ట్ భార్య. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ధాన్యం సారా. తోరణం కట్టడానికి వచ్చినవాళ్ళకి సారా పొయ్యడం ఎలాగూ మర్యాదే. ఆమె ఆ మర్యాదని మూడుసార్లు చేసింది. నల్లరొట్టె, పొగబెట్టిన మాంసం తెచ్చి నాలుగోసారి కూడా చేసింది. ఎనిమిది దాటేసరికి మిగతా ఏడుగురి మొహాలూ మెత్తబడ్డాయి. ఫ్రీడ్‌హెల్మ్ ఒక్కడే గ్లాసు ముట్టుకోకుండా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు.

"కారణం చెప్పు. చెబితే పందుల తలుపుకే కడతాను," అన్నాడు.

ఎబర్‌హార్ట్ జన్మలో ఎప్పుడూ కథలు అల్లలేదు. ఆ అనుభవం లేకపోవడం అప్పుడే తెలిసింది.

"దూలం పుచ్చిపోయింది," అన్నాడు. "నిండా పురుగు. అందుకే దుప్పటి కప్పాం. నిచ్చెన ఆనిస్తే నెత్తిన పడుతుంది. నీ మంచికే చెబుతున్నాను."

రోస్విత కళ్ళు మూసుకుంది. ఎందుకంటే ఆ ఏడుగురిలో వడ్రంగి గెర్విన్ ఉన్నాడు. ఆ దూలాన్ని చెక్కినవాడూ, పోయిన వారం పైకెత్తి దుప్పటి కప్పినవాడూ గెర్వినే. నోరు విప్పనని రోస్వితకి ఒట్టు వేసి, ఇన్నాళ్ళూ పెళ్ళానికి కూడా చెప్పకుండా దాచాడు. అలాంటివాడు గ్లాసు నేలకేసి కొట్టాడు.

"పురుగా? నా దూలానికి పురుగా? ఎనభై ఏళ్ళ చెట్టు! ఆరేళ్ళు ఆరబెట్టిన కలప! నాలుగు నెలలు చెక్కాను!"

"గెర్విన్, ఊరుకో," అంది రోస్విత.

"ఎలా ఊరుకుంటానమ్మాయ్? రేపు ఎవడైనా నాకు ఇల్లు కట్టమని చెబుతాడా? ఇలా రా ఫ్రీడ్‌హెల్మ్, పురుగెక్కడుందో చూద్దువుగాని!"

నాలుగు గ్లాసుల వడ్రంగి నిచ్చెన ఎక్కిన వేగం చూసి ఎవరికీ కదలడానికి కూడా తోచలేదు. దుప్పటి ఒక్క లాగుకి ఊడి వచ్చి ఎబర్‌హార్ట్ నెత్తిన పడింది. అతను దాన్ని వెంటనే తీసుకోలేదు.

దూలం నిజంగా అందంగా ఉంది. ఎడమ పక్క ఫోల్కర్, కుడి పక్క రోస్విత. నడిమధ్యన, ఇద్దరికీ కలిపి, మూడింతల పెద్ద అక్షరాలతో ఐక్‌హోల్ట్. కింద ఆ రోజు తేదీ, 1984 సంవత్సరం.

ఫ్రీడ్‌హెల్మ్ ఒక్కొక్క అక్షరమే చదివాడు. అరుస్తాడనుకున్నారందరూ. అరవలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఈ ఫోల్కర్ ఐక్‌హోల్ట్ ఎవడు?" అని అడిగాడు మెల్లిగా. "నాకు తెలిసిన ఫోల్కర్ ఒకడున్నాడు. వాడి పేరు ఇది కాదు."

అదే సమయానికి ఆ ఫోల్కర్ పెళ్ళి సూటు వేసుకుని, సైకిల్ మీద, ఈల వేసుకుంటూ గేట్లోకి వచ్చాడు. దూలం చూశాడు, తండ్రిని చూశాడు. ఈల ఆగింది, సైకిల్ మాత్రం ఆగక పోయి తొట్టెకి గుద్దుకుంది.

"నాన్నా... చెబుదామనే అనుకున్నాను."

"ఎప్పుడు? నన్ను పూడ్చాకా?"

"ఇవాళ సాయంత్రం..."

"నాకు ఇంకో కొడుకు లేడురా. మీ అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ పల్లంలో నాకంటూ ఉన్నది నాలుగు ఉలులు, ఒక పేరు. ఉలులు నీకు అక్కర్లేదన్నావు, సరేనన్నాను. పేరు కూడా అక్కర్లేదని ఊరందరికీ తెలిశాక నాకు తెలియాలా?"

ఫోల్కర్ వంగి సైకిల్ లేవనెత్తాడు.

"పదండిరా," అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్. మొదటి పొరుగువాడు పదండి అంటే మిగతా పొరుగులు కదలాల్సిందే, అదీ పద్ధతే. ఎనిమిది మందీ తోరణం భుజాన వేసుకుని వెనక్కి తిరిగారు. పొరుగువాళ్ళు లేచిపోయిన పెళ్ళి మా ఊళ్ళో ఇంతవరకు జరగలేదు.

"నువ్వూ రారా," అన్నాడు కొడుకుతో. "వస్తే ఎల్లర్‌బ్రోక్‌వి. రాకపోతే నాకెవరూ లేరు."

"వెళ్ళాడంటే సోమవారం నోటరీ దగ్గరికి నేనూ వెళ్తాను!" అని దుప్పటి కిందనుంచి ఎబర్‌హార్ట్ అరిచాడు.

రోస్విత పరుగెత్తి గేటుకి అడ్డంగా నిలబడింది. రబ్బరు బూట్లు, పేడ మరకలు, జుట్టుకి మాత్రం పెళ్ళికని చుట్టిన రోలర్లు. "ఎవరూ కదలడానికి వీల్లేదు. తొమ్మిదిన్నరయింది. నాకు పదకొండింటికి పెళ్ళి," అంది. ఫోల్కర్ అటు తండ్రిని, ఇటు ఆమెని చూస్తూ, నడిమధ్య వంకరపోయిన సైకిల్ పట్టుకుని నిలబడిపోయాడు.

గేటు బయట గంట మోగింది. "దారి ఇస్తావా అమ్మాయ్?" అంటూ వునిబాల్ట్ మేష్టారు సైకిల్ దిగారు. వీపుకి గొడుగంత పొడుగు కాగితపు చుట్ట కట్టుకున్నారు. నలభై ఏళ్ళు ఊరి బడిలో పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేశాక చర్చి పుస్తకాల్లో జనన మరణాలు చదువుకుంటూ కాలక్షేపం చేస్తున్న మనిషి. ఎవరు ఎదురుపడినా వాళ్ళ పేరుకి అర్థం చెప్పకుండా వదలరు. పెళ్ళికి ఒక సాక్షి ఆయనే.

ఆయన్ని చూడగానే ఎబర్‌హార్ట్‌కి ప్రాణం లేచి వచ్చింది. ఐక్‌హోల్ట్ వంశవృక్షం పెళ్ళి కానుకగా రాసిమ్మని ఆయన్ని అడిగింది తనే. విందులో వియ్యంకుడి ముందు చదివించి నోరు మూయించాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాడు.

"సమయానికి వచ్చారు మేష్టారూ! చదవండి! ఏ పేరు ముందు ఏ పేరు తలవంచాలో వీళ్ళకి తెలియాలి!"

"ఎబర్‌హార్ట్, ఒకసారి లోపలికి రా. నీతో ఏకాంతంగా..."

"ఏకాంతం లేదు, ఏమీ లేదు! అందరి ముందూ చదవండి!"

"ఈ నెలలో మూడుసార్లు వచ్చాను నీ దగ్గరికి. మూడుసార్లూ ముందే చెబితే కానుక సొగసు పోతుందన్నావు."

"ఇప్పుడు పోదు. చదవండి!"

మేష్టారు నిట్టూర్చి చుట్ట విప్పారు. అది నిచ్చెన పొడవునా పరుచుకుంది. పొరుగువాళ్ళు తోరణం దించి చుట్టూ చేరారు. కోపమెంత ఉన్నా మా వాళ్ళు ఇంకొకరి తాతల సంగతులంటే చెవి కోసుకుంటారు.

"ముందు నీ పేరు. ఎబర్‌హార్ట్ అంటే అడవిపంది అంత గట్టివాడు అని అర్థం."

"సరిపోయింది!" అన్నాడు గెర్విన్.

"నవ్వకు. నీ పేరులో ఈటె ఉంది. ఆ కాలంలో అందరికీ ఈటెలూ కత్తులే. హేడ్విగ్ అంటే పోరు మీద పోరు. ఫ్రీడ్‌హెల్మ్ అంటే శాంతిని కాపాడే శిరస్త్రాణం."

అందరూ శాంతి శిరస్త్రాణం వైపు చూశారు. అది పళ్ళు కొరుకుతోంది.

మేష్టారి వేలు కొమ్మ కొమ్మా దిగి పద్దెనిమిదో శతాబ్దం దగ్గర ఆగింది. వేలు ఆగినా ఎబర్‌హార్ట్ ఆగనివ్వలేదు. "ఊ, కానివ్వండి!"

"1787. ఈ ఇంటి యజమాని డీట్‌మార్ ఐక్‌హోల్ట్ పిల్లలు లేకుండా పోయాడు. అతని భార్య ఎల్స్కె వేరే ఊరి పిల్ల. ఇంత పొలం ఒంటరిగా నడపలేక మళ్ళీ పెళ్ళి చేసుకుంది. వచ్చినవాడు పద్ధతి ప్రకారం తన పేరు వదిలి ఐక్‌హోల్ట్ అయ్యాడు. మీరందరూ వాళ్ళిద్దరి సంతానం."

"అయితే ఏం? వచ్చినవాడెవరు?"

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రుట్గర్ అని. కింది ఇంటివాడు. ఎల్లర్‌బ్రోక్."

కొట్టంలో ఆవు ఒకటి అరిచింది.

"ఇంకా ఉంది," అన్నారు మేష్టారు, ఎలాగూ మునిగాక చలేమిటన్నట్టు. "చనిపోయిన డీట్‌మార్‌కి విల్‌బ్రాంట్ అని తమ్ముడు ఉన్నాడు. అసలైన ఐక్‌హోల్ట్. ఈ ఇంట్లో చోటు లేక, పల్లంలో మిగిలిన రుట్గర్ చెల్లెల్ని చేసుకుని ఆ ఇంటికి అల్లుడిగా పోయాడు. పోయి, పద్ధతి ప్రకారం, ఎల్లర్‌బ్రోక్ అయ్యాడు. ఫ్రీడ్‌హెల్మ్, మీ వంశం ఆయన్నుంచి మొదలు. నాలుగుసార్లు సరిచూశాను. పుస్తకాల్లో పేరు పట్టుకుని పోతే ఇది కనబడదు. అందరూ చేసే పొరపాటే, పేరు ఒకటే కదా రక్తమూ ఒకటేననుకుంటారు."

ఎబర్‌హార్ట్ నడుచుకుంటూ పోయి పందుల తొట్టె అంచున కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళుగా ఓక్ తోపులో పుట్టాననుకున్న మనిషి. "అయితే నేనెవర్ని?" అన్నాడు. ఎవర్నీ అడగలేదు, ఊరికే అన్నాడు.

ఫ్రీడ్‌హెల్మ్ మాత్రం తల వెనక్కి వాల్చి ఇంటి చూరు, కిటికీలు, ఓక్ చెట్లు, చివరికి దూలం, ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాడు. మొహం కాస్త కాస్త వెలిగింది.

"ఒరేయ్ ఫోల్కర్," అన్నాడు, "దూలం బాగానే చెక్కారురా."

"నాన్నా?"

"బాగానే చెక్కారంటున్నాను. మన పేరే కదా! మా విల్‌బ్రాంట్ తాత వదిలిన పేరు నువ్వు తిరిగి తెచ్చుకుంటున్నావు. ఐక్‌హోల్ట్! ఎంత బావుంది! కట్టండ్రా తోరణం!"

రోస్వితకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గండం గడిచిందనుకుంది. అంతలోనే తొట్టె మీద కూర్చున్న తండ్రి లేచాడు.

"ఎవడి పేరు ఎవడికి తిరిగొస్తోంది? నా వాకిట్లో నిలబడి మా తాత ఇల్లు అంటావా? నాది ఎల్లర్‌బ్రోక్ రక్తం! దిగువనుంచి వచ్చి ఈ పొలాన్ని నిలబెట్టిన రక్తం! నా కూతురు ఎల్లర్‌బ్రోక్ అనే రాయించుకోవాలి. ఐక్‌హోల్ట్ అందో, సోమవారం నోటరీ!"

"ఎల్లర్‌బ్రోక్ అందో, పొరుగువాళ్ళం ఎవరం రాం!" అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్.

"దూలం మళ్ళీ చెక్కమంటే నేను రాను," అన్నాడు గెర్విన్.

పది ఇరవై అయింది. ఇద్దరు ముసలాళ్ళూ పొద్దున్నుంచి ఆడుతున్న పోట్లాటే మళ్ళీ మొదటినుంచి ఆడుతున్నారు. మాటలు అవే, మనుషులే తారుమారయ్యారు. రోస్విత ఇంట్లోకి పోయి ఐదు నిమిషాల్లో పెళ్ళి బట్టల్లో వచ్చి, ట్రాక్టర్ ఎక్కి తాళం తిప్పింది. "వచ్చేవాళ్ళు ట్రాలీ ఎక్కండి. తిట్టుకునేవాళ్ళు ట్రాలీలో తిట్టుకోండి," అంది. కారు తాళాలు ఎబర్‌హార్ట్ జేబులో ఉన్నాయి, ఆయన్ని అడిగే ఓపిక ఆమెకి లేదు. అందరూ ఎక్కారు. తోరణం వదిలి రావడానికి ఫ్రీడ్‌హెల్మ్ ఒప్పుకోలేదు కాబట్టి అదీ ఎక్కింది. మేష్టారు చుట్టతో పాటు ఎక్కారు. ఊళ్ళోకి వెళ్ళేదాకా ఇద్దరు వియ్యంకులూ తోరణానికి చెరో పక్కన కూర్చుని, కాగితం గులాబీల మీంచి ఒకరినొకరు చూపులతో కాల్చేశారు.

పదకొండుకి మూడు నిమిషాలు ఉండగా రిజిస్ట్రారు గదిలోకి పదముగ్గురు మనుషులు సారా వాసనతో దూరారు. రిజిస్ట్రారు సన్నటి మనిషి. పదకొండున్నరకి ఇంకో పెళ్ళి ఉంది. ఇష్టమేనా అని అడిగాడు, ఇద్దరూ ఇష్టమే అన్నారు. అంతవరకు సుఖంగా సాగింది. తర్వాత కలం తీశాడు.

"మీ ఇద్దరికీ ఉమ్మడి పేరు ఏది?"

"ఎల్లర్‌బ్రోక్!" అన్నాడు ఎబర్‌హార్ట్ ఐక్‌హోల్ట్.

"ఐక్‌హోల్ట్!" అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్ ఎల్లర్‌బ్రోక్.

రిజిస్ట్రారు తన కాగితం చూసుకున్నాడు, వాళ్ళని చూశాడు, మళ్ళీ కాగితం చూసుకున్నాడు. "మీలో అమ్మాయి తండ్రి ఎవరు?"

"నేను," అన్నాడు ఎబర్‌హార్ట్. "అసలైతే ఎల్లర్‌బ్రోక్‌ని."

"అయ్యా, నేను పిల్లల్ని అడుగుతున్నాను. చెప్పకపోతే చట్టప్రకారం అబ్బాయి పేరు రాసేస్తాను. ఐదు నిమిషాలు ఇస్తాను."

ఫోల్కర్ నోరు తెరిచాడు. తండ్రి అతని భుజం పట్టుకున్నాడు. రోస్విత నోరు తెరిచింది. తండ్రి "సోమవారం!" అన్నాడు. గడియారంలో ముల్లు రెండు గీతలు జరిగింది. రోస్విత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొద్దున ఆరింటినుంచి ఆపుకుంటోంది.

అప్పుడు వెనక కుర్చీలోంచి హేడ్విగ్ లేచింది.

"ఏమండీ, నా పుట్టింటి పేరేమిటి?"

ఎబర్‌హార్ట్ బిత్తరపోయాడు. "ఇప్పుడెందుకే?"

"పదమూడు తరాల పేర్లు మీకు కంఠతా వచ్చు. నాదొక్కటి చెప్పండి."

ఎబర్‌హార్ట్ నుదురు తుడుచుకున్నాడు. "లిం... లిండె... లిండెమన్!"

"బతికించారు. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇదే గదిలో నా పేరు తీసేసుకున్నారు. ఏ పేరు ఉంచుకుంటావమ్మా అని ఎవరైనా అడిగారా? నా కోసం ఎవడైనా నిచ్చెన ఎక్కాడా? పొరుగువాళ్ళు లేచిపోయారా? మా నాన్న టోపీ తీసి ఏడ్చాడా? మర్నాడు పొద్దున అయిదింటికి మీ ఆవుల కింద కూర్చున్నాను, అంతే. మీ అమ్మ అంతే, అన్నయ్యగారి భార్య అంతే. ఆ ఎల్స్కె ఎవరో, ఆవిడా అంతే, మేష్టారి చెట్టులో ఆవిడ ఇంటిపేరు కూడా లేదు, వేరే ఊరి పిల్లట! మీ ఇద్దరికీ ఒక్క పూట పేరు కదిలేసరికి ఇల్లు కూలిపోయిందా? పోరు మీద పోరు అని నాకు పెట్టారు గాని, ఆ పేరు మీకు పెట్టాల్సింది. కూర్చోండి ఇద్దరూ!"

ఇద్దరూ కూర్చున్నారు. గెర్విన్ కూడా కూర్చున్నాడు, అతన్ని ఎవరూ అనకపోయినా. మేష్టారు జేబులోంచి పెన్సిలు తీసి, చుట్టలో 1787 దగ్గర ఏదో గుర్తు పెట్టుకున్నారు.

ఎబర్‌హార్ట్ కుర్చీ కూతురి వైపు తిప్పుకున్నాడు. "రాయించుకోండి," అన్నాడు చివరికి. "ఏది కావాలో అది. సోమవారం నోటరీ దగ్గరికి వెళ్తాను గాని... రోస్విత పేరు మీద రాయించడానికే."

"మీరేమంటారు, నాన్నా?" అన్నాడు ఫోల్కర్.

"నన్ను అడిగావు, చాలు," అన్నాడు ఫ్రీడ్‌హెల్మ్. అతనికి నిజంగా కావలసింది అదేనని అప్పుడు గాని ఎవరికీ తోచలేదు, అతనితో సహా.

"అయితే ఐక్‌హోల్ట్," అన్నాడు ఫోల్కర్. "ఎవరి రక్తం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఆవులు ఆ ఇంట్లో ఉన్నాయి, ఈమె ఆవుల దగ్గర ఉంటుంది, నేను ఈమె దగ్గర ఉంటాను. ఇంటి పేరే నా పేరు."

రోస్విత తల ఊపి, ముక్కు తుడుచుకుని, సంతకం చేసింది. రిజిస్ట్రారు గడియారం చూసుకుని, ఇలాంటి పెళ్ళిళ్ళు ఇంకెన్ని ఉన్నాయి మీ ఊళ్ళో అని మాత్రం అడిగాడు.

అంటే ఎబర్‌హార్ట్ పొద్దున ఏం కోరుకున్నాడో సరిగ్గా అదే జరిగింది. ఇప్పుడు దాన్ని చూసి మూలగడానికి కూడా అతనికి హక్కు లేదు. తిరుగు దారిలో ట్రాలీలో ఫ్రీడ్‌హెల్మ్ పక్కకి జరిగి చోటిచ్చాడు. ఎబర్‌హార్ట్ వచ్చి కూర్చుని, "మీ పల్లంలో నీళ్ళు ఇంకా గడపదాకా వస్తున్నాయా?" అని అడిగాడు. తన తాతల ఇంటి గురించి ఆ మాత్రం కనుక్కోవాలి కదా.

ఇంటికి రాగానే మొదటి పొరుగువాడు నిచ్చెన ఎక్కాడు. తోరణం రెండు కొసలూ పైనున్న పాత కొక్కేలకి తగిలించి దిగాడు. దేవదారు కొమ్మల తోరణం, పైగా వానకి తడిసిన బరువు, మధ్యలోకి వచ్చేసరికి కిందికి వాలింది. ఎడమ పక్క ఫోల్కర్ కనబడుతున్నాడు. కుడి పక్క రోస్విత కనబడుతోంది. నడిమధ్య మూడింతల పెద్ద అక్షరాల్లో ఒక్కటి కూడా కనబడటం లేదు.

కింద నిలబడి అందరూ చూశారు. సరిచెయ్యమని ఎవరూ అనలేదు. గెర్విన్ నోరు తెరిచి, ఎబర్‌హార్ట్ మొహం చూసి, మూసుకున్నాడు.

"బాగానే ఉంది," అన్నాడు ఎబర్‌హార్ట్. "దాన్నిలాగే ఉండనిద్దాం."

"పొద్దున ఆరున్నరకి, దుప్పటి ముట్టుకోకుండా, అన్నయ్యగారు కడతానన్నది కూడా అక్కడేనండీ," అంది హేడ్విగ్, ఖాళీ గ్లాసులు పళ్ళెంలోకి ఏరుకుంటూ.